ప్రగతి నివేదిక రాయు విధానం: చందూర్ నుంచి జెనీవా దాకా

మండల ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళను పనికంటే ప్రొఫార్మా ఎక్కువ భయపెడుతుంది. సాయంత్రం నాలుగింటికి జిల్లా వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీటు ఒకటి వచ్చి పడుతుంది. పైన 'మహిళా సాధికారత: సాధించిన ప్రగతి' అని ఉంటుంది. కింద 'మోస్ట్ అర్జెంట్, ఈరోజే ఐదు గంటల్లోగా' అని ఉంటుంది. మధ్యలో అన్నీ గడులు. ఏ గడిలో ఏం వేయాలో తోచక పిల్లలు బిక్కమొహం వేస్తారు. కొందరైతే నిజంగానే ఊళ్ళోకి పోయి అడిగొస్తామని బండి తాళం తీస్తారు. అట్లాంటివాళ్ళను గుమ్మం దగ్గరే ఆపడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సర్వీసంతా గడులు నింపి రిటైరైనవాణ్ణి, కాస్త నమ్మండి.

ముందు ఆ షీటు ఎక్కడికి పోతుందో తెలుసుకోండి, భయం సగం తగ్గుతుంది. వర్ని నుంచి విడిపడి మండలమైన మన చందూర్ చిన్నదే. కానీ మనం వేసిన అంకె నిజామాబాద్ కలెక్టరేటులో బోధన్, ఆర్మూర్ అంకెలతో కలుస్తుంది. హైదరాబాద్‌లో మిగతా జిల్లాలతో కలిసి లావెక్కుతుంది. ఢిల్లీలో ఇంగ్లీషు వాక్యమవుతుంది. ఏదో ఒకనాటికి ఆ వాక్యం ఐక్యరాజ్యసమితి బల్లమీదికి చేరుతుంది. ఆడవాళ్ళమీద అన్నిరకాల వివక్షనూ తొలగించాలనే ఒప్పందం ఒకటుంది, సీడా అంటారు. 1979 డిసెంబరు 18న సమితి ఆమోదించింది. మన దేశం 1980 జులైలో సంతకం పెట్టి 1993 జులై 9న ధ్రువీకరించింది. 18వ అధికరణం ప్రకారం ఏడాదిలోగా మొదటి నివేదిక, ఆపైన నాలుగేళ్ళకొకటి పంపాలి. జెనీవాలో కూర్చునే 23 మంది నిపుణుల కమిటీ దాన్ని చదివి ప్రశ్నలు వేస్తుంది. ఇది చాలదన్నట్టు 1995 బీజింగ్ మహాసభలో ఒప్పుకున్న 12 అంశాలమీద ఐదేళ్ళకోసారి సమీక్ష. సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అయిదోది మళ్ళీ ఆడవాళ్ళదే. కాబట్టి షీట్లు ఆగవు, అలవాటు పడండి.

చందూర్ అనగానే పాతతరం పాఠకులకు మాలతీ చందూర్ గుర్తొస్తారు. ఆవిడ కృష్ణా జిల్లా మనిషి, మన ఊరితో చుట్టరికం లేదు. ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' శీర్షికతో దశాబ్దాలపాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం ఆవిడ పద్ధతి. సర్కారు పద్ధతి వేరు. ఇక్కడ జవాబు ముందే తయారవుతుంది, అడిగినవాళ్ళకు తప్ప అందరికీ పోతుంది.

ఆలస్యం గురించి బెంగ వద్దు

మన దేశం మొదటి నివేదిక 1994 ఆగస్టులో ఇవ్వాలి. 1999లో ఇచ్చింది. కమిటీ దాన్ని 2000 జనవరిలో చర్చించింది. ఆ తర్వాత రెండోదీ మూడోదీ కలిపి ఒకటిగా పోయాయి, 2007లో చర్చకొచ్చాయి. నాలుగూ ఐదూ కలిపి ఇంకోటి, 2014 జులైలో. ఇందులో కిటుకు గమనించారా? ఒక నివేదిక ఆలస్యమైతే తప్పు. రెండింటి గడువు దాటేదాకా ఆగితే 'సంయుక్త నివేదిక'. ఆరోదాన్ని 2018 జులైలోగా పంపమని కమిటీ కోరింది, ఆ గడువుకు పోలేదు. ఏళ్ళ ఆలస్యం ఢిల్లీకి చెల్లుతుంది. మీకు మాత్రం ఐదు దాటితే మెమో వస్తుంది, ఆ తేడా మరిచిపోకండి.

అసలు తెలివంటే అమెరికాది. 1980లోనే సంతకం పెట్టింది, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. ధ్రువీకరించకపోతే నివేదికే అక్కర్లేదు. మన జిల్లా మగవాళ్ళు బతుకుదెరువుకు పోయే సౌదీ ఇంకో దారి పట్టింది. 2000లో చేరుతూనే, ఇస్లామిక్ చట్టానికి విరుద్ధమైనవేవీ తమకు వర్తించవని ముందే రాసిపెట్టుకుంది. మనమూ తక్కువ తినలేదు. పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి చేయడం ఇంత పెద్ద దేశంలో, ఇన్ని ఆచారాలూ ఇంత నిరక్షరాస్యతా ఉన్నచోట ఆచరణలో కుదరదని ఒప్పందంలో చేరినప్పుడే చెప్పుకున్నాం. 2002లో మన ఉమ్మడి రాష్ట్రమే పెళ్ళి నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా చేయమంది. కుదరదన్న మాట మాత్రం సమితి కాగితాల్లో అట్లాగే ఉంది. కాగితాన్ని కాగితంగానే ఉండనివ్వడం కూడా పరిపాలనే.

ఇచ్చింది రాయండి, అందింది వద్దు

'మంజూరు చేశాం', 'పంపిణీ చేశాం', 'ప్రారంభించాం', 'అవగాహన కల్పించాం'. ఈ నాలుగు మాటలు వస్తే మీ ఉద్యోగానికి ఢోకా లేదు. అన్నిట్లోనూ పని చేసింది మనమే. ఆడమనిషి తానుగా ఏదో చేసినట్టు వాక్యం రాశారో, 'ఆమె వెళ్ళింది', 'ఆమె అమ్మింది', 'ఆమె ఒప్పుకోలేదు' అన్నారో, తర్వాత ఏమైందని పైనుంచి ఫోనొస్తుంది.

బస్సు సంగతి చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు, కండక్టరు జీరో టికెట్ కొట్టిస్తాడు. చందూర్‌లో ఒకావిడ మోకాళ్ళనొప్పికి చూపించుకుందామని బోధన్ బయల్దేరిందనుకోండి. వర్నిలో బస్సు మారితే పోను రెండు టికెట్లు, రాను రెండు. చూడాల్సిన డాక్టరు ఆరోజు లేడు, ఎల్లుండి రమ్మన్నారు. మళ్ళీ నాలుగు. మొత్తం ఎనిమిది ప్రయాణాలు, ఒక మోకాలు. మోకాలికి మన షీటులో గడి లేదు. ఎనిమిదికి ఉంది. ఆ బస్సు మంచిదే, మా ఇంటి ఆడవాళ్ళూ దాంట్లోనే తిరుగుతారు, చేతిలో పదిరూపాయలు లేకున్నా పుట్టింటికి పోయొస్తున్నారు. కానీ ఎక్కడికి పోయారు, పోయిన పని అయిందా అని అడగబోకండి. టికెట్లు కోట్లలోకి పోతాయి, మనుషులు వేలల్లోనే ఆగిపోతారు. నివేదికకు ఏది అందమో మీకే తెలుసు.

కల్యాణలక్ష్మి 2014 అక్టోబరులో 51 వేలతో మొదలై 1,00,116 రూపాయలైంది. పెళ్ళికూతురికి 18 నిండితేనే చెక్కు. ఆ చెక్కుల సంఖ్యను తీసుకెళ్ళి 'బాల్యవివాహాల నిర్మూలన' గడిలో వేయండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని తేలింది. అట్లాంటి పిల్లకు చెక్కు రాదు, కాబట్టి మన రిజిస్టర్లో ఆ పెళ్ళే జరగలేదు.

ఆ సర్వే పుస్తకం మంచి గని, తవ్వుకునే ఒడుపు ఉండాలి. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. ఈ అంకెను పెద్దక్షరాల్లో రాయండి. అదే సర్వేలో, మొత్తం కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్ కాన్పులే, దేశంలో ఇంతకుమించిన రాష్ట్రం లేదు. 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయని నివేదికలోనూ పక్కపక్కనే ఉండాలని రూలు లేదు. ఒకటి సారాంశంలో, మిగతావి అనుబంధంలో. అనుబంధం జతచేయడం మరిచిపోవచ్చు.

ఇంకో అంకె చెబుతాను, దీన్ని వాడుకోని నిజామాబాద్ అధికారి ఉండడు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్ళకు 1040 మంది ఆడవాళ్ళు. దేశమంతా ఆడపిల్లలు తగ్గిపోతున్నారని ఏడుస్తుంటే మనదగ్గర మిగులు! 'ఆడపిల్లలను కాపాడుకున్న జిల్లా' అని శీర్షిక పెట్టండి. మగవాళ్ళు దుబాయిలో, మస్కట్‌లో, రియాద్‌లో ఉండి లెక్కలోకి రాలేదన్న సంగతి ఊళ్ళో పిల్లాడినడిగినా చెబుతాడు. అందుకే ఊళ్ళో పిల్లాణ్ణి అడగొద్దనేది. ఇంటి యజమాని గల్ఫ్‌లో ఉంటే పొలం, అప్పు, అత్తమామలు, పిల్లల ఫీజులు అన్నీ ఇల్లాలి మీదే. దాన్ని 'నిర్ణయాధికారంలో మహిళల పాత్ర' అనొచ్చు.

వృత్తి గడి

ఈ గడి దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన జిల్లాలో తప్పులు జరిగేది ఇక్కడే.

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో మధ్యాహ్నం పూట ఏ వీధిలో నడిచినా అరుగులమీద చాటలు కనబడతాయి. నానబెట్టిన తునికాకు తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంటారు. ఒడిలో చాట, చాటలో తంబాకు. ఇనుప ఫర్మాను ఆకుమీద ఆనించి కత్తెరతో దాని అంచునే కోస్తారు. చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ళతో చుట్టి, కొన లోపలికి మడిచి, దారం చుడతారు. చూపు మీమీదే ఉంటుంది, మాట మీతోనే ఉంటుంది, చేతులు మాత్రం ఆగవు. అట్లా 25 చేరితే ఒక కట్ట. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగాలేవని కారఖానాలో పక్కన పడేసినవాటికి కూలి ఉండదు, వాటికి పోయిన ఆకు మాత్రం ఆమె లెక్కలోనే.

మీరు షీటు పట్టుకుని ఆ అరుగు ముందు నిలబడతారు.

"ఏం పని చేస్తవమ్మా?"

"ఏం లేదు సార్, ఇంట్లనే ఉంట."

వెంటనే రాసుకోండి: గృహిణి. ఆమె నోటితో ఆమె చెప్పిందే, మీ కల్పన ఏమీ లేదు. చాట వైపు చూడకండి. చూస్తే ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది.

కొందరు గడుసువాళ్ళుంటారు. "బీడీలు చేస్త సార్, కార్డున్నది, పీఎఫ్ గూడ కట్ అయితది" అంటారు. అప్పుడు 'స్వయం ఉపాధి, ఇంటివద్దనే ఆదాయం పొందే వెసులుబాటు' అని రాయండి. బీడీ కార్మికులకు 1966 నుంచి 2025 దాకా ప్రత్యేక చట్టం ఉండేదని, 1976 చట్టం కింద సంక్షేమ నిధికి సెస్సు వసూలయ్యేదని, జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు ఎగిరిపోయిందని ఇక్కడ ప్రస్తావించాల్సిన పనిలేదు. ఇంటినుంచి పనిచేసే కార్మికుల కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు, అంటే ఆ షీటు రాదు. ఒక షీటు తగ్గింది, సంతోషించండి.

ఆవిడ బీడీలు ఆపి లేచేది ఎందుకని? నీళ్ళొచ్చాయని, పొయ్యి మీద పప్పు మాడుతోందని, మామకు టీ పెట్టాలని. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, కూలిలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారనీ, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. 97ను 'గృహబాధ్యతల్లో పురుషుల భాగస్వామ్యం' కింద వాడుకోండి. 299 సంగతి ఎవరైనా అడిగితే కుటుంబ విలువలు అనండి, ఇంకెవరూ మాట్లాడరు.

ఇక చక్కెర. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి 2015 డిసెంబరు 23న మూతపడింది. పని పోయిన కార్మికుల లెక్కలు ధర్నాల్లో, అసెంబ్లీలో, కమిటీల్లో ఎన్నోసార్లు విన్నాం. ఆ కార్మికుల ఇళ్ళలో ఆ తర్వాత ఎవరు కొత్తగా కూలికి పోయారు, ఎవరి చెవిదుద్దులు తాకట్టుకు పోయాయి అనే గడి నా సర్వీసులో ఏ షీటులోనూ చూడలేదు. కాబట్టి ప్రభావం లేదు. సరిహద్దు అవతల మరాఠ్వాడాలో చెరకు కొట్టే కూలీల లెక్క ఇంకా ముచ్చటైనది. మొగుడూ పెళ్ళాం జంటను కలిపి 'కోయ్‌తా' అంటారు, అంటే ఒక కొడవలి. ఇద్దరు మనుషులు, ఒక లెక్క, ఒక అడ్వాన్సు, అదీ మొగుడి చేతికి. ఎక్సెల్ కనిపెట్టకముందే అంత సులువైన ఫార్ములా కనిపెట్టినవాళ్ళకు దండం పెట్టాలి.

సర్పంచ్ మేడం, సర్పంచ్ సాబ్

రాజ్యాంగం 73వ సవరణ పంచాయతీల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్ళకు ఇమ్మంది. మన ఉమ్మడి రాష్ట్రం దాన్ని సగం చేసింది, తెలంగాణ 2018 చట్టం ఆ సగాన్ని నిలబెట్టింది. ఈ గడి మనం వేలు కదపకుండానే నిండుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్ళలో సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారులు నడిపారు. అప్పుడు కూడా 'మహిళలకు 50 శాతం రిజర్వేషన్ అమల్లో ఉంది' అని రాయొచ్చు. సున్నాలో సగం సున్నాయే అయినా సగం సగమే.

ఎన్నికైనావిడను సర్పంచ్ అంటారు. ఆమె భర్తను సర్పంచ్ సాబ్ అంటారు. కొత్తవాళ్ళు ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక తికమక పడతారు. కాగితం మీద ఆమెకు, పని కావాలంటే ఆయనకు. గ్రామసభ రోజున బల్ల వెనక నడిమి కుర్చీలో ఆయన కూర్చుని ఉంటారు. ఆమె పక్క కుర్చీలోనో, కింద పొదుపు సంఘం ఆడవాళ్ళ మధ్యనో ఉంటుంది. ఫొటో తీసే ముందు మర్యాదగా చెప్పండి: "సార్, జర పక్కకు జరుగుండ్రి, ఒక్క ఫొటో. మేడం మీరు నడుమకు రాండ్రి." అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో దిగాక ఎవరి కుర్చీ వారిది. మైకు కూడా ఆమె చేతికిచ్చి తీయండి, కరెంటు లేకపోయినా ఫరవాలేదు. జనం తక్కువైతే సంఘాల పని చూసే వీఓఏకు ఫోన్ చేయండి, సంఘం ఆడవాళ్ళను తీసుకొస్తుంది. మొన్న ఓటరు అవగాహనకు వచ్చిందీ వాళ్ళే, అటుమొన్న మొక్కలు నాటిందీ వాళ్ళే. నివేదికలో మూడు వేర్వేరు కార్యక్రమాలు, హాజరు మూడింతలు.

మినిట్స్ పుస్తకంలో 'సభాధ్యక్షురాలు మాట్లాడుతూ' అని మొదలుపెట్టి ఆవిడ చేత ఏం కావాలంటే అది మాట్లాడించవచ్చు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని రాస్తాం కాబట్టి భాష కూడా బాగుంటుంది.

ప్రమాదం ఒక్కచోట ఉంది. పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ సంతకం పెట్టాలి. నాలుగు చెక్కులు పెట్టేసరికి కొందరు ఆడవాళ్ళకు అనుమానం మొదలవుతుంది. "గీ చెక్కు దేనికి? బిల్లేది? పని చూడకుండ నేను సంతకం వెట్ట" అని కూర్చుంటారు. ఇంట్లో చెప్పించినా వినరు. ఇదేం రోగమో మరి, ఒక ఊళ్ళో మొదలైతే పక్క ఊరికి పాకుతుంది. నివేదికలో దీనికి తగిన గడి లేదు. 'శిక్షణ అవసరం' అని రాయండి. మొగుళ్ళ పెత్తనం గురించి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ వేసింది, 2025లో ఆ నివేదిక బయటికొచ్చింది. కాబట్టి ఆ సమస్య మీద 'చర్య తీసుకోబడింది'.

ఫిర్యాదులు

ఈ విషయంలో మీరు ఎటు తిరిగినా గెలుపే. పోలీసుల షీ టీమ్స్‌కు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్లు పెరిగితే అవగాహన పెరిగింది. తగ్గితే నేరాలు తగ్గాయి. పోయినేడు ఎన్నో ఈ ఏడు అన్నే వస్తే శాంతిభద్రతలు నిలకడగా ఉన్నాయి.

పనిచోట వేధింపుల సంగతి ఇంకా తేలిక. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు ఈ సీడా ఒప్పందాన్నే ఆధారం చేసుకుని మార్గదర్శకాలిచ్చింది. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయి అత్యాచారానికి గురైన ఊరి కార్యకర్త భన్వరీదేవి ఉదంతం దానికి మూలం. 2013లో చట్టమొచ్చింది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ, అంతకన్నా చిన్నచోట్లకు జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. నాట్లేసే పొలంలో, ఇటుకబట్టీలో, రైసుమిల్లు కల్లంలో వేధింపు జరిగితే ఆమె పోవాల్సింది ఆ జిల్లా కమిటీకే. అది ఎక్కడుందో, ఎవరున్నారో ఆమెకు తెలియదు. బోర్డు ఆఫీసు లోపలి వరండాలో, ఎప్పుడో బదిలీ అయిన అధికారి నంబరుతో ఉంటే సరిపోతుంది. ఏడాది చివర 'అందిన ఫిర్యాదులు: నిల్' అని రాయండి. నిల్ అంత శుభ్రమైన అంకె ఇంకోటి లేదు.

డబ్బు, చట్టం, కాలం

2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌లో ఆడవాళ్ళ వాటాను విడిగా చూపిస్తున్నారు. పూర్తిగా వాళ్ళకే పోయే పథకాలు మొదటి భాగంలో ఉంటాయి. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ ఇళ్ళన్నీ అందులోనే. ఇంట్లో అయిదుగురు మగవాళ్ళున్నా సరే, ఆ సిమెంటూ ఇసుకా నూటికి నూరుపాళ్ళు ఆడవాళ్ళవే. ఇక ఖర్చు ఎట్లా చేయాలో బేటీ బచావో చూసి నేర్చుకోండి. 2016-19 మధ్య ఆ పథకానికి విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని పార్లమెంటు కమిటీ 2021లో తేల్చింది. ఫ్లెక్సీ కంటికి కనబడే ప్రగతి, కాబట్టి మార్చి 8న ముగ్గుల పోటీకి పెద్దది కట్టించండి.

ఆస్తి గురించి అడిగితే చట్టం చెప్పండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన హక్కు 1985లోనే మన ఉమ్మడి రాష్ట్రం ఇచ్చింది, దేశానికి 2005లో వచ్చింది. పాసుబుక్కు ఎవరి పేరున ఉంది, రాఖీ పండక్కి వచ్చిన అక్కచెల్లెళ్ళ చేత ఏ కాగితం మీద సంతకం తీసుకున్నారు అనేవి కుటుంబ విషయాలు.

సీడా కమిటీ ఏదైనా మొండిగా అడిగితే? 2014లో, భార్య మీద భర్త అత్యాచారానికి చట్టం ఇస్తున్న మినహాయింపును తీసేయమన్నారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. పాత చట్టంలో 375గా ఉన్నది ఇప్పుడు 63వ సెక్షన్, మినహాయింపు అందులో భద్రంగానే ఉంది. జవాబు ఇట్లా రాయాలి: 'ఈ అంశంలో సమగ్రమైన కొత్త చట్టాన్ని తెచ్చాం.' ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. చట్టసభల్లో మూడోవంతు సీట్ల గురించి అడిగితే 2023 రాజ్యాంగ సవరణ చూపండి. అమలు ఎప్పుడంటే, ఆ సవరణలోనే జనాభా లెక్కలు, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన అని రాసి ఉంది. భవిష్యత్కాలంలో చేసిన ప్రగతిని ఎవరూ తనిఖీ చేయలేరు.

అడగడం వల్ల వచ్చే అనర్థాలు

ఊళ్ళలోకి పోయి అడగొద్దని మొదట్లోనే ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. సమితి అడిగిందని మన ప్రభుత్వం 1971లో దేశంలో స్త్రీల స్థితి మీద కమిటీ వేసింది. అధ్యక్షురాలు ఫుల్రేణు గుహ, కార్యదర్శి వీణా మజుందార్. 1975 మహిళా సంవత్సరానికి దేశం తరఫున చక్కటి పుస్తకం ఒకటి పంపుకోవచ్చు కదా. వాళ్ళేం చేశారు? రాష్ట్రాలు తిరిగారు, ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగారు, జనాభా లెక్కలు తిరగేశారు. 1901లో వెయ్యిమంది మగవాళ్ళకు 972 మంది ఆడవాళ్ళుంటే 1971కి 930కి పడిపోయారని, స్వాతంత్ర్యం వచ్చాక చాలా విషయాల్లో ఆడవాళ్ళు ముందుకు కాదు వెనక్కే పోయారని 1974లో రాసిచ్చారు. చట్టసభల్లో రిజర్వేషన్ అక్కర్లేదని కమిటీలో ఎక్కువమంది అంటే, వీణా మజుందార్, లోతికా సర్కార్ ఒప్పుకోక విడిగా అసమ్మతి రాశారు. సర్కారు డబ్బుతో సర్కారు మీదే! ఈనాటికీ దేశంలో ఆడవాళ్ళ గురించి ఎవరు ఏం రాయాలన్నా ఆ నివేదికనే ముందు తెరుస్తారు. ఆ తర్వాత పంపిన అందమైన నివేదికలను ఎవరూ తెరవరు, అంటే అవి భద్రంగా ఉన్నాయి.

2019లో మహారాష్ట్రలో మళ్ళీ అదే పొరపాటు. బీడ్ జిల్లాలో చెరకు కొట్టే ఆడవాళ్ళు పనిదినాలు పోతాయని గర్భసంచులు తీయించుకుంటున్నారని వార్తలొస్తే ప్రభుత్వం సర్వే చేయించింది. అడిగిన 82 వేలమందిలో 13 వేలకు పైగా ఆపరేషన్ చేయించుకున్నామన్నారు. అడగకపోతే ఆ అంకె పుట్టేదే కాదు.

అందుకే, ఎవరైనా స్వచ్ఛంద సంస్థవాళ్ళు సమాంతర నివేదిక రాస్తామని వస్తే టీ ఇచ్చి పంపండి. సీడా కమిటీ సర్కారు నివేదికతో పాటు అట్లాంటివీ తీసుకుంటుంది, అందులోంచే ప్రశ్నలు ఏరుకుంటుంది. వాళ్ళు అరుగుల దగ్గరికి పోతారు, చాట వైపు చూస్తారు. వాళ్ళను ఆపడం మన చేతిలో లేదు.

చివరగా ఒక జాగ్రత్త. నివేదిక ఇంగ్లీషులో పోతుంది, దాన్ని తెలుగులో పెట్టమని ఎవరూ అడగరు. కానీ చందూర్ నుంచి మనం పైకి పంపిన షీటు, గ్రామసభ మినిట్స్, హాజరు పుస్తకం, చెక్కుల రిజిస్టరు ఇక్కడే, మన బీరువాలోనే, తెలుగులోనే ఉంటాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద వాటి నకళ్ళు ఎవరైనా అడగొచ్చు. బీడీలు చేసే ఆవిడైనా, చెక్కు మీద సంతకం పెట్టనన్న సర్పంచమ్మైనా. మనం 30 రోజుల్లో ఇవ్వాలి. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, తెల్ల కాగితం మీద రాసినా చాలు. ఈ ఒక్క సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ చెప్పకండి.